పని ఎక్కువా, పట్టు తక్కువా?

మార్చి నెలాఖరులో ఏ బ్యాంకు బ్రాంచికైనా వెళ్లి చూడండి. కౌంటర్ ముందు క్యూ, లోపల క్లోజింగ్ లెక్కలు, వాట్సాప్ గ్రూపులో 'ఇవాళ పాలసీలు ఎన్ని?' అంటూ పైనుంచి మెసేజ్. అది రాత్రి తొమ్మిదికీ వస్తుంది, ఆదివారమూ వస్తుంది. అలాంటి చోట గంటసేపు యోగా క్లాసు పెట్టి ఒత్తిడి తగ్గించుకోమంటే, ఆ గంట పని కూడా రాత్రికి మిగులుతుంది. (యోగా మీద నాకు కోపం లేదు. దాన్ని సాకుగా వాడుకునే ఆఫీసుల మీదే.)

అసలు ఒత్తిడి ఎక్కడ పుడుతుందో ఒక పాత పరిశోధన చెబుతుంది. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల గుండెజబ్బుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. పెద్ద పదవి, పెద్ద బాధ్యత కాబట్టి గుండెజబ్బులూ పైవాళ్లకే ఎక్కువ అనుకుంటాం కదా! తేలింది తలకిందులుగా. కింది హోదాల వాళ్లే ఎక్కువగా పోయారు. పొగతాగడం, రక్తపోటు లాంటివి లెక్కేసినా ఆ తేడా పూర్తిగా తీరలేదు. 1985లో మొదలైన రెండో అధ్యయనం మరో కారణం చూపించింది: చేసే పని మీద తమ మాట చెల్లకపోవడం.

కాబట్టి మొదట సంపాదించాల్సింది ఆ కాస్త చెల్లుబాటే. ఒక పని చేతిలో ఉండగా ఇంకోటి వచ్చి పడితే 'సరే సార్' అనేసి లోపల ఉడికిపోతాం. బదులుగా ఇలా అడిగి చూడండి: "సార్, మొండి బాకీల లిస్టు సాయంత్రంలోగా కావాలన్నారు. ఈ రెన్యువల్ ఫైలు కూడా ఇవాళే అంటున్నారు. ఏది ముందు పంపమంటారు?" ఇందులో ఎదురు చెప్పడం లేదు, ఏడుపు లేదు. ఎంచుకునే భారం మాత్రం ఆయన మీదికి వెళ్లింది. ఆయన చెప్పింది ఒక్క ముక్కలో మెసేజ్ పెట్టండి: 'లిస్టు ఇవాళ, రెన్యువల్ రేపు పదకొండుకి.' రేపు మాట రాకుండా ఉంటుంది.

ఇక, ఇంటికొచ్చినా బుర్రలో తిరిగే ఆఫీసు సంగతి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరి చేత పడుకునే ముందు ఐదు నిమిషాలు, మర్నాడూ ఆ తర్వాతి కొద్ది రోజుల్లోనూ చేయాల్సిన పనులు రాయించారు. అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే వీళ్లకు త్వరగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. 'లోన్ ఫైలు' అని రాస్తే చాలదు. 'పదిన్నరకు వాల్యుయేషన్ రిపోర్టు కోసం ఇంజనీరుకి ఫోన్' అని రాయండి.

ఇవన్నీ చేసినా రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, ఆఫీసు పేరెత్తితేనే గుండె దడదడలాడుతుంటే, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మేనేజర్లకూ ఒక మాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పని ఒత్తిడితో నీరసించిపోయే బర్నౌట్‌ను జబ్బుల కింద చేర్చలేదు, ఉద్యోగంలో పుట్టే పరిస్థితిగా నిర్వచించింది. అంటే మీ సిబ్బంది నీరసానికి సగం జవాబు మీ దగ్గరే ఉంది. టార్గెట్ పైనుంచి వచ్చింది, నా చేతుల్లో లేదంటారా? నిజమే. కానీ ఏ సీటుకి ఎంత పంచాలో, ఏ వారం ఎవరికి సెలవివ్వాలో మీ చేతుల్లోనే ఉంది. రాత్రి గుర్తొచ్చింది రాసుకుని పొద్దున పంపండి. సోమవారం పావుగంట అందర్నీ కూర్చోబెట్టి, పనుల పంపకం వాళ్ల చేతే చేయించండి. మీరు చివర్లో మాట్లాడండి.