టీకా ఎంతమట్టుకు కాపాడును?



గత నెల స్త్రీల సమాజము కూడిక ముగిసిన తరువాత ఒక చిన్న వయస్సు తల్లి నా దగ్గరకు వచ్చినది. చంకలో పాప ఉన్నది. పాపకు రెండున్నర ఏండ్లు. "మాస్టారూ, మా పాపకు ఒకటిన్నర ఏట వేయించవలసిన సూదులు మేము వేయించలేదు. మా అత్తగారు వేయించమంటున్నారు, మా ఆయన వద్దంటున్నారు. మీరు కరోనా టీకా రెండుసార్లు వేయించుకున్నారు గదా, అయినా మీకు వచ్చింది గదా, మరి ఈ బూస్టర్లు ఎందుకని ఆయన అడుగుతున్నారు" అన్నది.

నాకు సిగ్గు వేసినది. ఎందుకనగా 2021లో ప్రకటనల సమయములో నిలువబడి, "రెండు సూదులు వేయించుకున్నవారికి ఇక కరోనా రాదు, భయపడకుండ వేయించుకొనండి" అని చెప్పినది నేనే. ఆ మాట నమ్మి చాలమంది వేయించుకున్నారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు నాకే నాలుగు రోజులు జ్వరము పట్టినది. ఇంటిలోనే ఉండి కషాయముతో, పారాసిటమాల్ మాత్రలతో తగ్గించుకొన్నాను, ఆస్పత్రికి పోవలసిన అవసరము రాలేదు. కాని సంఘములో నిలిచిన మాట ఒక్కటే: "మాస్టారు చెప్పినట్టు జరగలేదు." టీకా వేయించుకొనుమని చెప్పినందుకు నేను ఇప్పటికీ చింతించుట లేదు. టీకా ఎన్నడూ ఇవ్వని మాటను దాని తరపున నేను ఇచ్చినందుకు చింతించుచున్నాను. ఆ నా మాట ఇప్పుడు తిరిగి వచ్చి ఈ పాప మీద పడుచున్నది. అందువలన ఈ పాఠము వ్రాయుచున్నాను. నేను డాక్టరును కాను. చదివినది, చూచినది చెప్పుట ఉపాధ్యాయుని అలవాటు.

నా ఎడమ చేతి మీద రెండు మచ్చలు ఉన్నవి. ఒకటి మశూచికపు టీకాది, రెండవది క్షయకు వేయు బి.సి.జి.ది. ఈ రెండవ మచ్చ కథ మన ప్రాంతపు కథ గనుక కొంచెము వివరముగా చెప్పెదను.

1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్ళూరు చుట్టుపట్ల పల్లెలలో, బి.సి.జి. మీద గొప్ప పరిశోధన మొదలైనది. ఆ వైపు తెలుగు ఇండ్లు అప్పుడూ చాల, ఇప్పుడూ చాల. మూడున్నర లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసి, వారిలో 2,80,000 మందికి పైగా సూదులు వేశారు. కొందరికి బి.సి.జి., కొందరికి మందు లేని సూది. ఎవరికి ఏది పడినదో వేసినవారికీ తెలియదు, వేయించుకున్నవారికీ తెలియదు. నేనప్పుడు ఎనిమిదేండ్లవాడిని. మా అన్నయ్యకు మచ్చ పడలేదు, "నీకు వట్టి నీళ్ళు పొడిచారురా" అని చాల ఏండ్లు ఏడిపించేవాడిని. నిజమేమిటో మా ఇద్దరికీ తెలియదు.

1979లో ఫలితములు వచ్చినవి. అందరూ నివ్వెరపోయారు. బి.సి.జి. వేయించుకున్నవారికీ, మందు లేని సూది పడినవారికీ ఊపిరితిత్తుల క్షయ విషయములో తేడా కనబడలేదు. పదిహేను ఏండ్లు చూచి 1999లో ప్రకటించిన లెక్కలలో కూడ పెద్దవారికి కాపుదల లేదనియు, పిల్లలకు కొద్దిపాటి కాపుదల ఉన్నదనియు తేలినది.

మరి బి.సి.జి.ని మానివేశారా? లేదు. ఈనాటికీ మన దేశములో పుట్టిన బిడ్డకు మొదట వేయు టీకాలలో అది ఒకటి. ఎందుకనగా పసిపిల్లలకు మెదడు పొరలకు సోకు క్షయ ఒకటి ఉన్నది, శరీరమంతట వ్యాపించు క్షయ ఒకటి ఉన్నది. వాటి పాలబడిన బిడ్డ దక్కుట కష్టము, దక్కినను చూపో వినికిడో తెలివో పోవచ్చును. వాటినుండి బి.సి.జి. చాలమట్టుకు కాపాడుచున్నదని వేరు పరిశోధనలలో తేలినది. ఒకే టీకా, ఒక జబ్బులోనే ఒక రూపము నుండి కాపాడి, మరియొక రూపము నుండి కాపాడలేకపోయినది. "పని చేయునా, చేయదా?" అని అడిగినవారికి ఇక్కడ జవాబు దొరకదు. దేని నుండి, ఎవరిని, ఎంత కాలము అని మూడు ప్రశ్నలుగా విడదీసి అడుగవలెను.

కరోనా టీకా సంగతియు ఇంతే. ఒమిక్రాన్ వచ్చునాటికి అది జలుబు జ్వరముల వంటి సోకుటను అంతగా ఆపలేకపోయినది. ఆక్సిజన్ పెట్టవలసిన స్థితి నుండి, మరణము నుండి కాపాడుటలో చాల మేలుగా నిలిచినది. నేను ఆనాడు "రాదు" అనుటకు బదులు "వచ్చినను చాలమందిని ఆస్పత్రికి పోనీయదు" అని చెప్పియుంటే సరిపోయేది.

ఇప్పుడు పాప విషయము. పదహారు నుండి ఇరువదినాలుగు నెలల మధ్య వేయవలసిన వాటిలో తట్టు, రుబెల్లా టీకా రెండవ డోసు ఉన్నది, డి.పి.టి. బూస్టరు ఉన్నది, పోలియో చుక్కలు ఉన్నవి. మనము అన్నిటిని కలిపి బూస్టర్లు అంటున్నాము గాని, మొదటి రెంటి పని వేరువేరు.

తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండిన తరువాత వేస్తారు. ఆ వయస్సులో వేసినప్పుడు నూటికి సుమారు 85 మందికే పని చేయును. తల్లినుండి బిడ్డకు వచ్చిన రక్షణ కొందరిలో ఇంకను మిగిలి ఉండి టీకాకు అడ్డు పడుట దీనికి ఒక కారణము. మిగిలిన పదిహేను మంది ఎవరో చూచి చెప్పలేము. అందుచేత అందరికీ రెండవసారి వేయుచున్నారు. ఇది ఉన్న బలమును పెంచుటకన్న, మొదట తప్పిపోయినవారిని పట్టుకొనుటకు. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరిలలో (మన యానాము కూడ అందులోనిదే) తొమ్మిది నెలల నుండి పదిహేను ఏండ్ల లోపు పిల్లలందరికీ, ఇంతకు ముందు వేసినవారితో సహా, ఈ టీకా వేసినప్పుడు ఫోనులలో పుకార్లు ఎన్ని తిరిగినవో మీకు జ్ఞాపకముండును. "వేసిన బిడ్డకు మళ్ళీ ఎందుకు?" అని అడిగినవారికి ఈ పదిహేను మంది సంగతి ఎవరైనా నింపాదిగా చెప్పియుంటే సగము గొడవ తగ్గి ఉండేది.

ఇక్కడ ఒక బల్ల లెక్క చేయుదము. ఒక బడిలో 200 మంది పిల్లలు. 180 మంది ఒక డోసు టీకా వేయించుకున్నారు, 20 మంది వేయించుకోలేదు. బడిలోకి తట్టు వచ్చినది, రక్షణ లేని ప్రతి బిడ్డకు సోకినదనుకొందము. వేయించుకోని 20 మందికి 20 మంది పడకెక్కారు. 180లో నూటికి పదిహేను చొప్పున 27 మంది పడకెక్కారు. ఇప్పుడు ఊరిలో ఎవరో అంటారు: "జబ్బు పడినవారిలో టీకా వేయించుకున్నవారే ఎక్కువ!" 27, 20 కన్న ఎక్కువ అనుమాట నిజమే. కాని ఒక ప్రక్క 180లో 27, మరొక ప్రక్క 20లో 20. వేయించుకున్నవారిలో 153 మంది ఆడుకొనుచున్నారు, వారిని ఎవరూ లెక్కపెట్టలేదు. కరోనా రోజులలో మనము విన్న మాటలు కొన్ని ఈ లెక్కను సగములో ఆపినవే. చదువరులు కాగితము మీద ఒకసారి తామే చేసి చూడవలెను.

డి.పి.టి. వేరు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతములకు అది వేయుచున్నాము. పసితనములో వేసిన మూడు సూదులు బాగుగనే పని చేయును గాని, ఆ రక్షణ ఏండ్లు గడిచినకొలది తగ్గును. అందువలన ఒకటిన్నర ఏట ఒకసారి, అయిదు ఆరేండ్ల మధ్య ఒకసారి బూస్టరు. తరువాత పదవ ఏట, పదహారవ ఏట టి.డి. సూది. మన కాలములో ఇనుప మేకు గుచ్చుకొనగానే పరుగెత్తి వేయించుకొనిన టి.టి. స్థానములో ఇప్పుడు ఈ టి.డి. వచ్చినది. పెద్ద పిల్లలలో కంఠసర్పి రక్షణ తగ్గిపోవుచున్నదని చూచి, దానిని కూడ కలిపి ఇచ్చుచున్నారు.

బూస్టరు కావలెనంటే మొదటి టీకా పనికిరానిదని కొందరు అనుకొందురు. నా మొదటి మచ్చ చూడండి. మశూచికపు టీకా మన దేశములో మొదట 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల పాపకు వేశారు. దానిని కనిపెట్టిన జెన్నరు ఒకసారి వేసిన చాలును, జీవితాంతము ఉండుననుకొన్నాడు. కొన్ని దశాబ్దములకే అది నిజము కాదని తేలి, మళ్ళీ వేయుట మొదలుపెట్టారు. మళ్ళీ మళ్ళీ వేయవలసిన ఆ టీకాతోనే మన దేశములో 1975లో మశూచికము ఆగిపోయినది, 1980లో లోకమంతట లేకుండ పోయినదని ప్రకటించారు.

దీనికి ఎదురు కథయు ఉన్నది. హెపటైటిస్ బి టీకాకు అయిదేండ్లకొకసారి బూస్టరు కావలెనని ఒకప్పుడు చాలమంది డాక్టర్లు చెప్పేవారు. కొంతకాలము చూచిన తరువాత, రక్తములో రక్షణ కొలత తగ్గినను శరీరము జబ్బును గుర్తు పెట్టుకొనుచున్నదని తెలిసి, ఆరోగ్యవంతులకు బూస్టరు అక్కరలేదన్నారు. కాబట్టి బూస్టర్లు కలపబడుటయు కలదు, తీసివేయబడుటయు కలదు.

ఇంత మారుచున్న మాటను ఎట్లు నమ్మవలెనని పాప తండ్రి అడిగాడు. ఆదివారము సాయంత్రము అతనిని ఇంటికి పిలిపించుకొని కూర్చున్నాను. మంచి పిల్లవాడు, వాదించుటకు వచ్చినవాడు కాడు, బిడ్డ కొరకు భయపడుచున్నవాడు. అతనికి మా ఇంటి లెక్కే చెప్పాను. 2021 మార్చి నెలలో నాకు కోవిషీల్డ్ మొదటి సూది వేసినప్పుడు రెండవది నాలుగు వారములకు రమ్మన్నారు. ఆ నెలలోనే ఆరు నుండి ఎనిమిది వారములన్నారు. నా భార్య ఏప్రిల్‌లో మొదటిది వేయించుకొనినది, ఆమె తిరిగి పోకముందే, మే 13న, పండ్రెండు నుండి పదహారు వారములన్నారు. అప్పుడు టీకాలకు కరువు గనుక, మందు లేక సాగదీయుచున్నారని మేమందరము అనుకొన్నాము. ఎడము ఎక్కువైతే రక్షణ ఎక్కువ వచ్చుచున్నదని విదేశపు పరిశోధనలలో తేలిన మాటయు నిజమే. విచిత్రమేమనగా మరునాడే, మే 14న, ఇంగ్లాండులో అదే టీకాకు ఏబది ఏండ్లు దాటినవారి ఎడమును పండ్రెండు వారముల నుండి ఎనిమిదికి తగ్గించారు. డెల్టా రకము వ్యాపించుచున్నది, ఒక్క సూది దానికి చాలదు, వృద్ధులకు రెండవది త్వరగా పడవలెనని వారి లెక్క. ఇక్కడ ఒక్క సూదియైనను పడని కోట్లమంది ఉన్నారు, అక్కడ వృద్ధులలో ఎక్కువమందికి మొదటిది పడినది. ఒకే మందు, రెండు దేశములు, రెండు స్థితులు. అయితే మన ప్రభుత్వము కారణమును ఇంకను విప్పి చెప్పియుండవలసినదని నా అభిప్రాయము. కారణము చెప్పనిచోట పుకారు పుట్టును.

డాక్టర్ల మధ్య భేదము కొత్తది కాదు. వేలూరు సి.ఎం.సి.లో పనిచేసిన డాక్టరు టి. జాకబ్ జాన్ గారు 1970ల నుండియే, పోలియో చుక్కలు మూడుసార్లు వేసిన చాలునను లెక్క మన దేశపు పిల్లలకు చాలదని పరీక్షలు చేసి చూపి, ఎక్కువ డోసులు గాని సూది టీకా గాని కావలెనని వాదించారు. ప్రభుత్వము చుక్కలతోనే సాగి, 1995 నుండి పల్స్ పోలియో పేరిట మళ్ళీ మళ్ళీ వేసినది. 2011 జనవరిలో హౌరాలో వచ్చినదే మన దేశములో సహజ పోలియోకు చివరి కేసు. 2015 నవంబరు నుండి సూదియు చేర్చారు. ఎన్ని డోసులు, చుక్కలా సూదియా అని అన్నేండ్లు వాదించుకొన్నారు గాని, ఇరుపక్షములలో ఎవరూ బిడ్డకు అసలు వద్దని చెప్పలేదు.

సర్కారు కార్డులో లేని టీకాలు ప్రైవేటు డాక్టరు వ్రాసినప్పుడు కూడ మనవారు కలవరపడుచున్నారు. హెపటైటిస్ ఏ, ఆటలమ్మ, ఫ్లూ వంటివి అందులో ఉన్నవి. సర్కారు వారు దేశమంతటికీ ఖర్చు చూచుకొని పట్టిక వ్రాయుదురు, పిల్లల డాక్టరు తన ఎదుటనున్న ఒక్క బిడ్డను చూచి వ్రాయును. డబ్బు లేనివారు సర్కారు కార్డులోని గడులు నింపించుకొనుటయే మొదటి పని. వాటిలో ఏదీ వదలివేయదగినది కాదు. ఇదివరకు సూది వేసినప్పుడు బిడ్డకు ఫిట్సు గాని, ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవుట గాని జరిగియుంటే, వేయించుటకు ముందే చెప్పవలెను.

"మాస్టారూ, ఇవి వేయిస్తే పాపకు ఏ జబ్బూ రాదని మీరు మాటిస్తారా?" అని చివరకు అతడు అడిగాడు.

"ఇవ్వను బాబూ. ఒకసారి ఇచ్చి చూచినాను" అన్నాను. అతడు నవ్వాడు. వాళ్ళ అత్తగారు లోపల మా ఆవిడతో కాఫీ త్రాగుచు అంతా వినుచునే ఉన్నది.

ఆ బుధవారము ముగ్గురూ పాపను తీసికొని ఆరోగ్య కేంద్రమునకు పోయారు. ఆలస్యమైనది గదా, మళ్ళీ మొదటినుండి వేయవలెనా అని భయపడుచు అడిగారట. అక్కరలేదు, మిగిలినవి వేస్తే చాలునని నర్సమ్మ చెప్పి రెండు సూదులు వేసి, చుక్కలు వేసినది. ఆ రాత్రి పాపకు జ్వరము వచ్చి, తొడ కొంచెము వాచినది, రెండవ నాటికి తగ్గినది. కార్డులో అయిదేండ్ల గడి ఇంకను ఖాళీగా ఉన్నది. దానిలో నెల, సంవత్సరము నర్సమ్మ పెన్సిలుతో వ్రాసి ఇచ్చినదని, ఆ కార్డును తమ పెండ్లి ఫోటో వెనుక పెట్టుకొన్నామని ఆ తల్లి చెప్పినది.