కార్డు మాడింది, డిస్కులు బాగానే ఉన్నాయి

ఇరవై ఆరేళ్లు ఇతరుల సర్వర్లు కాపాడిన వాణ్ని. ఇంట్లోది మాత్రం కాపాడుకోలేకపోయాను. మొన్న మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, ఇంట్లో ఫైల్ సర్వర్ పెడుతున్నా. సికింద్రాబాద్ సీటీసీలో పాత కంట్రోలర్ కార్డు ఒకటి చవగ్గా వస్తోంది, తీసుకోనా?" వద్దన్నాను. ఎందుకో ఫోన్లో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

1. తెలివి మీరిన కార్డు నీ డేటాను తాకట్టు పెట్టుకుంటుంది.

2009లో నాలుగు 500 జీబీ డిస్కులతో రెయిడ్ 5 కట్టాను. ఆ కార్డుకు సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, కరెంటు పోయినా మెమరీలో ఉన్నది పోకుండా చిన్న బ్యాటరీ. ఒక డిస్కు చచ్చినా డేటా బతుకుతుందని ఇంటిల్లిపాదికీ గొప్పగా చెప్పాను. కార్డే చస్తేనో అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. మూడేళ్లకు ఒక వేసవి రాత్రి కరెంటు వస్తూ పోతూ ఆ కార్డును మాడ్చేసింది. డిస్కులు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. అయితే ఏ ముక్క ఏ డిస్కు మీద ఏ వరసలో ఉందో ఆ కార్డు తన లిపిలో రాసుకుంది. రాత డిస్కుల మీదే ఉంది, కానీ చదవడం దాని జాతి కార్డులకే వచ్చు. అదే రకం కార్డు దొరికేదాకా ఆగాల్సింది. నేను రెండో రోజే వేరే కంపెనీ కార్డు తెచ్చి తగిలించాను. కొత్త డిస్కులు కనబడ్డాయి, సిద్ధం చేయమంటారా అని అడిగింది. అవునని నొక్కాను. అర్థంకాని ప్రశ్నకు అవునని నొక్కవద్దని ఆఫీసులో కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! తెల్లారేసరికి నాలుగు డిస్కులూ సున్నాలతో నిండిపోయాయి. మా అమ్మ పాడిన మంగళహారతులు అందులోనే ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించాం కదా అని, బూజు పట్టిన క్యాసెట్లను అంతకుముందే పారేశాను.

అప్పటినుంచి నాకు మొద్దు కార్డంటేనే గౌరవం. దాన్ని హెచ్‌బీఏ అంటారు. డిస్కును ఉన్నదున్నట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పజెప్పి పక్కకు తప్పుకుంటుంది. డిస్కులను కలిపి కట్టే పని జడ్‌ఎఫ్‌ఎస్ చూసుకుంటుంది, లేదా లినక్స్‌లోని ఎండీ చూసుకుంటుంది. కార్డు పోతే వేరే కార్డు పెట్టు, అదీ లేకపోతే మదర్‌బోర్డు మీది సాటా పోర్టులకే తగిలించు, డిస్కులు లేచి కూర్చుంటాయి. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ లెక్కలూ అడ్డు లేకుండా కనబడతాయి.

2. పైనున్న పేరు చూసి కాదు, లోపలి చిప్ చూసి కొను.

ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, ఐబీఎం ఎం1015, డెల్ హెచ్200. మూడు పేర్లు, మూడు ధరలు, లోపల మాత్రం ఒకటే ఎస్ఏఎస్2008 చిప్. ఆ ఎల్‌ఎస్‌ఐ కూడా 2014లో అవాగో చేతికి వెళ్లింది, 2016లో అవాగోయే బ్రాడ్‌కామ్ పేరు పెట్టుకుంది. కాబట్టి ఒకే సరుకు మీద మూడు తరాల స్టిక్కర్లు కనిపిస్తే కంగారుపడకు. నువ్వు అడగాల్సింది ఫర్మ్‌వేర్ గురించి. రెయిడ్ చేసే ఐఆర్ ఉందా, డిస్కుల్ని అలాగే వదిలే ఐటీ ఉందా? ఐటీ ఉన్నదే మనకు కావాలి. మార్చుకోవచ్చు, నేనూ మార్చాను. మార్చేముందు కార్డు వెనక స్టిక్కర్ మీదున్న ఎస్ఏఎస్ అడ్రస్‌ను, అంటే కార్డు గుర్తింపు సంఖ్యను, రాసిపెట్టుకోలేదు. చెరిపేశాక అది గుర్తొచ్చి, కార్డు మళ్లీ ఊడదీసి, టార్చి వేసి చదువుకున్నాను. ఈ చిప్‌కు చాలామంది స్థిరపడింది 20.00.07.00 వెర్షన్ దగ్గర.

ఇక మావాడికి చవగ్గా వచ్చిన కార్డు సంగతి. అందులో ఉన్నది ఎస్ఏఎస్2008కు ముందు తరం చిప్, 1068ఇ. 8 టీబీ డిస్కు పెట్టినా అది సుమారు 2.2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. ఫర్మ్‌వేర్ మార్చినా నయంకాని జబ్బు అది.

3. స్లాటు పొడుగు చూసి లేన్లు లెక్కపెట్టకు.

మదర్‌బోర్డు మీద 16 లేన్ల పొడుగున్న స్లాటులో నిజంగా తీగలు నాలుగు లేన్లకే ఉండవచ్చు. ఆ సంగతి మాన్యువల్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది. నాలుగు లేన్లయినా ఇంటికి సరిపోతాయి, ఒక్క లేనే అయితేనే ఇబ్బంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0లో లేనుకు సెకనుకు 500 ఎంబీ. ఎనిమిది డిస్కులు ఒక్కోటి 150 చొప్పున చదివినా 1200 కావాలి. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సినిమా చూసేటప్పుడు ఈ తేడా తెలియదు. డిస్కు పోయి, కొత్తది పెట్టి, రీబిల్డ్ ఎప్పుడవుతుందా అని గంటలు లెక్కపెట్టే రోజున తెలుస్తుంది. మరో మాట. కొన్ని ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇలాంటి సర్వర్ కార్డు పెడితే మెషిన్ అసలు లేవదు. కార్డు అంచున బీ5, బీ6 కాంటాక్టుల మీద సన్నటి టేపు ముక్క అంటిస్తే లేస్తుంది. నేను మాత్రం కార్డు చచ్చిందనుకుని దుకాణంలో తిరిగిచ్చి వచ్చాను.

4. తీగకూ దిశ ఉంటుంది.

ఒక కొస నుంచి నాలుగు సాటా కొసలుగా చీలే కేబుళ్లు రెండు రకాలు: ఫార్వర్డ్, రివర్స్. చూడటానికి కవలలు. మనకు కావలసింది ఫార్వర్డ్. రెండోది కొంటే ఒక్క డిస్కూ కనబడదు, కార్డును తిట్టుకుంటూ ఆదివారమంతా గడిచిపోతుంది.

5. గాలిలో పుట్టిన కార్డు గాలి లేకపోతే మతి తప్పుతుంది.

ర్యాక్ సర్వర్లో ఫ్యాన్లు హోరుమంటూ ఉంటాయి, ఈ కార్డుల్ని ఆ గాలిని నమ్మే తయారుచేశారు. మన ఇంటి కేబినెట్‌లో మే నెల మధ్యాహ్నం దాని హీట్‌సింక్‌ను చేత్తో ముట్టుకోలేం. డిస్కుల్లో ఉన్నదంతా చదివి సరిచూసే స్క్రబ్ చేసినప్పుడల్లా నాకు చెక్‌సమ్ తప్పులొచ్చేవి, ఇవాళ ఒక డిస్కులో, రేపు ఇంకో డిస్కులో. తప్పు డిస్కులదేనని రెండింటిని మార్చాను. తప్పులు ఆగలేదు. నాలుగు సెంటీమీటర్ల చిన్న ఫ్యాను తెచ్చి జిప్ టైతో కార్డు మీద కడితే ఆగాయి. అప్పుడు తీసేసిన రెండు డిస్కులూ ఇప్పటికీ పని చేస్తున్నాయి. తప్పు ఒకే డిస్కును పట్టుకుని ఉండకుండా ఊరు తిరుగుతుంటే ముందు కార్డును, కేబుల్‌ను, పవర్ సప్లైను అనుమానించు.

6. అక్కరలేని కార్డే అన్నిటికన్నా మంచి కార్డు.

నాలుగు డిస్కులే అయితే మదర్‌బోర్డు పోర్టులు చాలు. ఇంకో రెండు మూడు కావాలంటే ఏఎస్ఎం1166 చిప్ ఉన్న ఆరు పోర్టుల సాటా కార్డు చూడు. దానికి చల్లదనం గొడవ తక్కువ, ఫర్మ్‌వేర్ మార్చే పనీ లేదు. ఒక్క సాటా పోర్టును అయిదుగా చీల్చే పోర్ట్ మల్టిప్లయర్ జోలికి మాత్రం వెళ్లకు. ఒక డిస్కు మొరాయిస్తే మిగతావాటినీ తనతోపాటు కూర్చోబెడుతుంది.

పోయినేడు మా పెద్దక్క ఇంట్లో, రాజమండ్రిలో, అటక దులుపుతుంటే ఒక క్యాసెట్ దొరికింది. అమ్మ హారతులు రెండున్నాయి. రెండోది సగంలో తెగిపోతుంది. ఆ ఫైళ్లు ఇప్పుడు నా సర్వర్లో ఉన్నాయి, అక్క బీరువాలో విడిగా ఒక డిస్కులో ఉన్నాయి. మూడో కాపీ మావాడి సర్వర్లో పెట్టాలని నా ఆశ. అందుకే ఆ కార్డు వద్దన్నాను.