ధ్రువతార నుంచి ధ్రువణం దాకా

పిల్లలూ, మన బడిలో సైన్సు ఇంగ్లీషులో సాగుతుంది. అమ్మానాన్నల బదిలీలతో ఊళ్లు మారే మనకు ఆ పాఠాలు తెలుగులో వినే వీలు తక్కువ. ఈసారి ఒక తెలుగు మాట పట్టుకుని ఒక ప్రయోగం దాకా వెళదాం. ఆ మాట ‘ధ్రువం’.

ధ్రువం అంటే స్థిరమైనది. ఉత్తరాన కదలకుండా కనిపించేది ధ్రువతార. పోర్ట్ బ్లెయిర్ నుంచి చూస్తే అది సముద్రపు అంచుకు సుమారు 12 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అయస్కాంతం రెండు కొసలూ ధ్రువాలు. తలో దిక్కుకు ఉన్నవాటిని ఒకే దిశకు తేవడం ధ్రువణం.

పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. న్యూట్రాన్‌ను 1932లో చాడ్విక్ కనుగొన్నాడు. దానికి విద్యుదావేశం లేదు. అయినా అది ఒక బుల్లి అయస్కాంతం. ఆ అయస్కాంతపు దిశను తెలిపేది స్పిన్. బొంగరానికి ఇరుసు లాంటిదనుకోండి. పోలిక దిశ వరకే. న్యూట్రాన్ నిజంగా గిర్రున తిరగదు. ప్రోటాన్‌కూ స్పిన్ ఉంది.

స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉన్న న్యూట్రాన్ల పుంజాన్ని, అలాగే స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న ప్రోటాన్ల లక్ష్యం మీదికి పంపితే? అదే మన ప్రయోగం.

లక్ష్యాన్ని సిద్ధం చేయడమే కష్టం. మామూలు వేడిలో బలమైన అయస్కాంతం పెట్టినా ప్రోటాన్లు మాట వినవు. వేడి వాటిని చెదరగొడుతూనే ఉంటుంది. అందుకే లక్ష్యాన్ని మైనస్ 272 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరుస్తారు. ఆ చలిలో ఎలక్ట్రాన్లు తేలిగ్గా వరుసకు వస్తాయి. మైక్రోవేవ్ తరంగాలతో వాటి క్రమాన్ని ప్రోటాన్లకు అందిస్తారు.

ఫలితం ఆశ్చర్యకరం. స్పిన్‌లు ఎదురెదురు దిశల్లో ఉంటే, నెమ్మదైన న్యూట్రాన్లు ప్రోటాన్లను తాకి చెదరడం సుమారు 10 రెట్లు ఎక్కువ. అంటే కేంద్రక బలం స్పిన్ దిశను బట్టి మారుతుంది. ఒకే దిశలో ఉంటేనే ప్రోటాన్, న్యూట్రాన్ జతకట్టి నిలుస్తాయి. ఆ జతే డ్యూటీరియం కేంద్రకం. ఎదురెదురుగా ఉంటే జత నిలవదు.

ఆ జత మన చుట్టూ ఉన్న సముద్రంలోనే ఉంది. సముద్రపు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యూటీరియం. దానితో ఏర్పడిన నీరే భారజలం. తెలంగాణలోని మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. ముంబయి దగ్గర ట్రాంబేలో 1985లో మొదలైన పరిశోధన రియాక్టరు భారజలంతోనే నడుస్తుంది. అక్కడ ధ్రువిత న్యూట్రాన్లతో అయస్కాంత పదార్థాలను పరిశీలిస్తారు. ఆ రియాక్టరు పేరేమిటో తెలుసా? ‘ధ్రువ’!

ఆలోచించండి
1. లక్ష్యాన్ని అంతగా ఎందుకు చల్లబరచాలి?
2. స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న ప్రోటాన్ల లక్ష్యం గుండా మామూలు న్యూట్రాన్లను పంపితే, అవతలికి ఎక్కువగా ఏ దిశవి వస్తాయి?
3. ‘ధ్రువ’తో మొదలయ్యే మరో రెండు మాటలు ఇంట్లో పెద్దల్ని అడిగి రాయండి.