పునీతుల పండుగలు – మనకు చెప్పే పాఠం



ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 14న అంబేద్కర్ జయంతి జరుపుకుంటాం. మనకు దగ్గర్లోని కొండగట్టులో హనుమాన్ జయంతి ఎంత ఘనంగా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఇవన్నీ పుట్టినరోజు పండుగలు. కాని క్యాథలిక్ క్రైస్తవులు తమ పునీతులను ఎక్కువగా వారు చనిపోయిన తేదీన తలచుకొని పండుగ చేస్తారు. ఈ లోకంలో కన్నుమూసిన రోజే పరలోకంలో పుట్టిన రోజు అని వారి నమ్మకం. దర్గాల దగ్గర జరిగే ఉర్సు కూడా ఆ మహనీయుడు కన్నుమూసిన రోజును పురస్కరించుకొని జరిగేదే. బాప్తిస్మ యోహానుకు మాత్రం జూన్ 24న పుట్టినరోజు పండుగ కూడా ఉంది.

పునీతుడు అంటే ఎవరు?

దేవునికి ఇష్టంగా బతికి, ఇతరులకు ఆదర్శంగా నిలిచాడని క్యాథలిక్ సంఘం విచారించి ప్రకటించిన వ్యక్తి పునీతుడు. ఆరాధన దేవునికే, పునీతులకు గౌరవం మాత్రమే అని క్యాథలిక్కులు చెబుతారు. మన ఊళ్లలో కనిపించే చర్చిలన్నీ క్యాథలిక్ చర్చిలు కావు. ప్రసిద్ధమైన మెదక్ చర్చి సి.ఎస్.ఐ. వారిది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలామంది ఇలా పునీతుల పండుగలు చేయరు.

పునీతుడుగా ప్రకటించడానికి నాలుగు మెట్లు ఉన్నాయి. మామూలుగా చనిపోయిన 5 ఏళ్ల తర్వాతే విచారణ మొదలవుతుంది. అప్పుడు ఆ వ్యక్తిని దైవసేవకుడు అంటారు. తర్వాత పూజ్యుడు, ఆ తర్వాత ధన్యుడు, చివరగా పునీతుడు. ధన్యుడు కావడానికి ఒక అద్భుతం, పునీతుడు కావడానికి మరొక అద్భుతం రుజువు కావాలి. విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిన వేదసాక్షికి మొదటిది అవసరం లేదు.

తెలుగువారిలో ఇంతవరకు పునీతుడుగా ప్రకటించబడిన వారు లేరు. కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో 1945 జనవరి 15న మరణించిన బ్రదర్ జోసెఫ్ తంబి దైవసేవకుడు అనే మొదటి మెట్టులో ఉన్నారు. ప్రతి ఏటా సంక్రాంతి రోజుల్లోనే అక్కడ ఆయన పేరున తిరునాళ్లు జరుగుతాయి.

చీపురు పట్టిన పునీతుడు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, లీమా నగరంలో 1579లో మార్టిన్ డి పోరెస్ పుట్టాడు. తండ్రి స్పెయిన్ దేశపు దొర, తల్లి బానిసత్వం నుండి విముక్తి పొందిన నల్లజాతి స్త్రీ. చిన్నతనంలో క్షురక వృత్తి, దానితోపాటు వైద్యం నేర్చుకున్నాడు. డొమినికన్ మఠంలో చేరాలనుకుంటే, నల్లజాతి సంతతి వారిని పూర్తి సభ్యులుగా తీసుకోకూడదనే నియమం అడ్డు వచ్చింది. అందుకని పనివాడిగా చేరాడు. ఊడ్చాడు, రోగులకు సేవ చేశాడు, ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టాడు. తర్వాత మఠం వారే ఆయనను బ్రదర్‌గా స్వీకరించారు. 1639 నవంబర్ 3న మరణించాడు. పునీతుడుగా ప్రకటించింది 1962 మే 6న, అంటే 300 ఏళ్లు దాటిన తర్వాత! ఈనాటికీ ఆయన బొమ్మలో చేతిలో చీపురు ఉంటుంది.

పేరు చివర కులం తీసేసిన పునీతుడు

కన్యాకుమారి ప్రాంతంలోని నట్టాలంలో 1712లో నాయర్ కుటుంబంలో నీలకంఠ పిళ్ళై పుట్టాడు. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. రాజు సేనలో ఉన్న డచ్చి అధికారి డి లనోయ్ ద్వారా క్రీస్తును గురించి తెలుసుకున్నాడు. 1745లో వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం పొంది దేవసహాయం అయ్యాడు. తక్కువ కులాలు అని లోకం దూరం పెట్టినవారితో కలిసి మెలిసి తిరిగాడు. 1749లో నిర్బంధించి చిత్రహింసలు పెట్టి, 1752 జనవరి 14న ఆరల్వాయిమొళి దగ్గర కాల్చి చంపారు. 2012లో ధన్యుడుగా, 2022 మే 15న పునీతుడుగా ప్రకటించారు. భారతదేశపు గృహస్థులలో ఈ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. ‘పిళ్ళై’ అనేది కులాన్ని సూచిస్తుంది కాబట్టి దానిని తీసేసి దేవసహాయం అని మాత్రమే పిలుస్తున్నారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా తెలుసుకోవాలి. ఆయన జ్ఞానస్నానం పొందిన ఆ వడక్కన్‌కుళంలోనే, 19వ శతాబ్దంలో కులాల వారీగా జనాన్ని విడదీస్తూ చర్చిలో గోడ కట్టారు. దానిని 1910లో కూల్చారు. కులం గుడిలోకే కాదు, చర్చిలోకీ వచ్చింది. పునీతుడిని పొగడడం తేలిక, ఆయన కూర్చున్న పంక్తిలో కూర్చోవడం కష్టం.

అయినా మార్పు వస్తూనే ఉంది. నాటి కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని గారికి పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది. మిషనరీల సాయంతో మళ్లీ చదివి, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ పదవి పొందిన మొదటి తెలుగువారు, మొదటి దళితులు ఆయనే.

గుర్తుంచుకోవలసిన తేదీలు

జనవరి 14 – దేవసహాయం
జులై 28 – అల్ఫోన్సా (కేరళ)
సెప్టెంబర్ 5 – మదర్ థెరిసా (మనకు ఉపాధ్యాయ దినోత్సవం)
నవంబర్ 1 – సకల పునీతుల పండుగ
నవంబర్ 2 – సమాధుల పండుగ (మన పెత్రమాసలాగ చనిపోయినవారిని తలచుకునే రోజు)
నవంబర్ 3 – మార్టిన్ డి పోరెస్
డిసెంబర్ 3 – ఫ్రాన్సిస్ జేవియర్

మిత్రులారా! మనలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నాం. ఎవరి మొక్కు వారిది. కాని మార్టిన్ చీపురు, దేవసహాయం వదిలిన కులం పేరు అందరికీ పాఠాలే. మనం ఒకే డేక్షాలో వండిన అన్నం తిని, ఒకే గదిలో పక్కపక్కన పడుకొని చదువుకుంటున్నాం. ఇక్కడ లేని గోడ, ఉద్యోగాలు వచ్చాక మన ఇళ్లలో లేవకుండా చూసుకుందాం.

ఆలోచించి జవాబు రాయండి

1. పునీతుల పండుగ ఎక్కువగా మరణించిన తేదీన ఎందుకు జరుపుతారు?
2. దేవసహాయం పేరు నుండి ‘పిళ్ళై’ ఎందుకు తీసేశారు?
3. మీ ఊరిలో కంటికి కనబడని గోడలు ఏమున్నాయి? వాటిని తీసేయడానికి మీరు చేయగలిగిన ఒక పని రాయండి.