కాలిన అడవి ఎప్పుడు కోలుకున్నట్టు?

పెద్దవూర దాటి నాగార్జున సాగర్ దిక్కుగా సాగితే నల్లమల అంచు తగులుతుంది. ఆవల అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుంది. ఇది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుటాకు, బోద గడ్డి నిప్పుకు సిద్ధంగా ఉంటాయి.

మంటల సమాచారం డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ నుంచి వస్తుంది. మోడిస్ ఉపగ్రహ సెన్సర్ కిలోమీటరు స్థాయిలో వేడిని పసిగడితే, వీర్స్ 375 మీటర్ల స్థాయిలో పట్టుకుంటుంది. అటవీశాస్త్ర పరీక్షలో ఈ తేడాపై ప్రశ్న రావచ్చు.

అసలు చిక్కు మంట ఆరాకే. తొలకరికి గడ్డి మొలిచి, పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచిక పెరుగుతుంది. అంతమాత్రాన అడవి తిరిగొచ్చిందనుకోవడం పొరపాటు. ఆ పచ్చదనం లాంటానా అనే కలుపు పొదదీ కావచ్చు. సమీప పరారుణ, హ్రస్వతరంగ పరారుణ కిరణాల పరావర్తనాన్ని పోల్చే ఎన్‌బీఆర్ సూచిక కాలిన తీవ్రతను మెరుగ్గా చూపుతుంది. అయినా మోకాళ్లమీద కూర్చుని మొలకలు లెక్కపెట్టక తప్పదు: టేకు మోడు నుంచి వచ్చిన పిలకా, విత్తనం నుంచి లేచిన నల్లమద్ది మొక్కా?

కాలిన అడవి కోలుకునేలా చేసే యాజమాన్య పద్ధతులను పోల్చాలంటే కొన్ని ప్లాట్లను అలాగే వదిలేయాలి. కొన్నిటిలో పశువులను ఆపి, కలుపు తీసి సహజ పునరుత్పత్తికి తోడ్పడాలి. మరికొన్నిటిలో మొక్కలు నాటాలి. మూడింటిలోనూ కాలిన తీవ్రత, నేల ఒకేలా ఉండాలి. పోలికకు కాలని ప్లాటూ కావాలి. పరీక్షలో అభ్యర్థులు ఎక్కువగా మరిచేది దీన్నే.