కుకీ బ్యానర్ నేర్చుకోవడానికి లక్షా ఇరవై వేలా?

పోయిన నెలలో ఒక తండ్రి, బీకాం కంప్యూటర్స్ చివరి ఏడాది చదువుతున్న కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. అమీర్‌పేటలో ఇచ్చిన కరపత్రం నా బల్ల మీద పరిచారు. మూడు నెలల కోర్సు, ఫీజు లక్షా ఇరవై వేలు, పూర్తవగానే ‘కన్సెంట్ మేనేజర్’ ఉద్యోగం. "ఏఐ అందరూ చేస్తున్నారు సార్. దీనికి కొత్త చట్టం వచ్చిందట, ముందు చేరినవాళ్లకే అవకాశమట. అడ్వాన్సు కట్టేశాను" అన్నారు. అబ్బాయి గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

చట్టం వచ్చిన మాట నిజమే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ అంకె చూపించే కోచింగు వాళ్లు ఫీజు పెంచుతున్నారు. అయితే ఆ చట్టంలో కన్సెంట్ మేనేజర్ అనేది ఉద్యోగం పేరే కాదు. అది డేటా ప్రొటెక్షన్ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాల్సిన కంపెనీ. దాని నికర విలువ కనీసం 2 కోట్లుండాలి. "అయితే ముందు ఆ రెండు కోట్లు చూడండి" అన్నాను. ఆయన నవ్వలేదు. ‘డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్’ ఆశా అలాంటిదే. ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన పెద్ద సంస్థలకే ఆ పదవి తప్పనిసరి, అందులో ఉన్నవాళ్లు కంపెనీ బోర్డుకే జవాబు చెప్పాలి. నిన్న డిగ్రీ పాసైన పిల్లవాణ్ణి ఎవరు కూర్చోబెడతారు అక్కడ?

కొత్తవాళ్లకు పని ఉన్నది వెబ్‌సైటు తెరవగానే సమ్మతి అడుగుతూ కనిపించే కుకీ బ్యానర్ వెనకాల. 2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి, అక్కడి క్లయింట్ల సైట్లు చూసే ఏ ఏజెన్సీకైనా ఇది రోజువారీ పని. బ్యానర్ తగిలించడానికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాతే అసలు కథ. సైటును స్కాన్ చేసి ఏ స్క్రిప్టు ఏ కుకీ వదులుతోందో పట్టుకోవాలి. తప్పనిసరివి, గణాంకాలవి, ప్రకటనలవి అని వేరు చేయాలి. చూసేవాళ్లు ఒప్పుకునేదాకా గూగుల్ అనలిటిక్స్, మెటా పిక్సెల్ లాంటి ట్రాకింగ్ స్క్రిప్టులు కదలకుండా ఆపాలి. ఈ పనిలో ఉన్న నా పాత విద్యార్థులు చెప్పేదేమిటంటే, ఎక్కువ తప్పులు ఇక్కడే దొరుకుతాయి. బ్యానర్ ముచ్చటగా ఉంటుంది. ‘రిజెక్ట్’ నొక్కి బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిస్తే, అనలిటిక్స్ కుకీ అప్పటికే వచ్చి కూర్చుని ఉంటుంది.

ఇదంతా బటన్ల పనేగా అని తీసిపారేసే పెద్దలూ ఉన్నారు. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, వద్దనడానికి ఎన్నో క్లిక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించకూడదని యూరప్ న్యాయస్థానం 2019లోనే తీర్పిచ్చింది. పిల్లల చదువు విషయంలో మన ఇళ్లలో ఉన్నవన్నీ అలాంటి గడులే!

నేర్చుకోవడానికి ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. హెచ్‌టీఎంఎల్, కాస్త జావాస్క్రిప్టు, ఉచితంగా దొరికే గూగుల్ ట్యాగ్ మేనేజర్ చాలు. సొంత డెమో సైటు ఒకటి పెట్టుకుని, క్లారో లాంటి ఓపెన్ సోర్స్ సమ్మతి టూల్ బిగించి, సమ్మతికి ముందు ఏ కుకీలు పడుతున్నాయి, తర్వాత ఏవి పడుతున్నాయి అని స్క్రీన్‌షాట్లతో రెండు పేజీల నివేదిక రాయమంటాను. ఇంటర్వ్యూలో నేనైతే సర్టిఫికెట్ పక్కన పెట్టి అదే అడుగుతాను. చక్కని తెలుగు రాయగలిగితే ఇంకా మంచిది. సమ్మతి నోటీసును ఇంగ్లిషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఉండాలని మన చట్టం చెబుతోంది. కిరాణా కొట్టాయనకు అర్థమయ్యేలా ఆ నోటీసు రాయడం లా చదివినవాళ్లకూ అంత తేలిక కాదు.

కానీ ఈ ఒక్క పనే పట్టుకుని బతకలేరు. వెబ్ డెవలప్‌మెంట్‌కో, డిజిటల్ మార్కెటింగ్‌కో, కంప్లయన్స్‌కో దీన్ని తోడు చేసుకోవాలి. ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ ఇచ్చే సర్టిఫికెట్లకు విలువ ఉంది. పరీక్ష ఫీజు వందల డాలర్లలో ఉంటుంది కాబట్టి ఉద్యోగంలో చేరి రెండేళ్లయ్యాక రాయండి, వీలైతే ఆ ఖర్చు కంపెనీ చేత పెట్టించండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే కాగితం మీద రాసివ్వమనండి. ఫీజుకి పిల్లవాడి పేరు మీద ఈఎంఐ లోను పెట్టిస్తామన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమన్నా లేచి వచ్చేయండి. ఉద్యోగం రాకముందే కిస్తీలు మొదలైన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మొదటి ఆరు నెలలు వాళ్లకు నేర్చుకోవడానికి కాదు, లోను వాళ్ల ఫోన్లు తప్పించుకోవడానికే సరిపోతాయి.

అడ్వాన్సు వెనక్కి రాలేదట. అబ్బాయి మాత్రం మొన్న తన కాలేజీ వెబ్‌సైటు మీద నివేదిక రాసి పంపాడు. రెండు పేజీలు అడిగితే ఐదు పేజీలు రాశాడు.