చేపల మేతకి అజొల్లా ఒక్కటే చాలదు: బారువ రైతులకి మేత లెక్క

బారువలో ఎండుచేపలు కొని పొడి చేసి చెరువులో వేస్తే ఖర్చు ఎక్కువ. అందుకే "అజొల్లా వేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదండీ. లెక్క చూడండి.

ఎండు అజొల్లాలో మాంసకృత్తులు 20–25 శాతం. కానీ పచ్చిదాంట్లో 90 శాతం పైనే నీళ్లు. 10 కిలోల పచ్చి అజొల్లా వేస్తే అందేది సుమారు 150 గ్రాములే! అదే 10 కిలోల వేరుశనగ చెక్కలో సుమారు 4 కిలోలు ఉంటాయి.

బొచ్చె, శీలావతికి మేతలో 25 శాతం ఉంటే చాలు. మన ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు కాబట్టి, 10 కిలోల మేత ఇలా కలపండి:

- వేరుశనగ చెక్క: 4 కిలోలు
- తవుడు: 3 కిలోలు
- కొబ్బరి చెక్క: 2 కిలోలు
- ఎండు అజొల్లా: 1 కిలో (పచ్చిది 15 కిలోలకి పైనే ఎండబెట్టాలి)

చెక్కలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే మిగతావి కలిపి, చిల్లుల సంచిలో పోసి చెరువులో కర్రకి కట్టండి. రోజుకి చేపల మొత్తం బరువులో 2–3 శాతం మేత.

జాగ్రత్త: సముద్రపు గాలికి చెక్క త్వరగా చెమ్మగిల్లి బూజు పడుతుంది. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బూజు చెక్క వేయకండి, అవసరమైనంతే కొనండి.

పచ్చి అజొల్లా మానక్కర్లేదు. గడ్డిచేప ఇష్టంగా తింటుంది. పైమేతగా వేయండి, అసలు మేతగా కాదు.